మాట వినపడుతోంది సరే, అర్థం చేసుకోవడానికి ఇంత కష్టమెందుకు?

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ తగిలించుకుని గంటసేపు పాఠం విన్న పిల్లల్ని అడిగి చూడండి. “అంతా వినపడింది, కానీ సగం గుర్తులేదు” అనే జవాబు తరచుగా వస్తుంది. గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో పొద్దుటి నుంచి ఆన్‌లైన్ మీటింగుల్లో కూర్చునేవాళ్లదీ ఇదే ఫిర్యాదు. నెట్ బాగానే ఉంటుంది, మైక్ మంచిదే, అవతలివాళ్ల గొంతూ స్పష్టంగానే ఉంటుంది. అయినా సాయంత్రమయ్యేసరికి తల దిమ్మెక్కిపోతుంది. పిల్లలకైతే శ్రద్ధ లేదనీ, ఉద్యోగులకైతే ఓపిక లేదనీ తేల్చేస్తుంటారు. ఇది చాలా అన్యాయమని నా అభిప్రాయం. లోపం వినేవాళ్లలో లేదు, వాళ్లకు అందుతున్న మాటలో ఉంది.

మాటను అర్థం చేసుకోవడంలో చెవిది ఒక వంతు పనే. మాట ఏ దిక్కు నుంచి వచ్చింది, పెదాలు ఎలా కదిలాయి, గది గోడలు ఆ శబ్దాన్ని ఎలా తిప్పి పంపాయి, తర్వాత ఏ పదం రావచ్చు, ఇవన్నీ కలిపి మెదడు అర్థాన్ని తేలుస్తుంది. వర్చువల్ ప్రపంచంలో శబ్దం వస్తుంది కానీ ఈ ఆసరాలు చాలావరకు దారిలోనే రాలిపోతాయి. మిగిలిన శబ్దంతోనే మెదడు పని నెట్టుకొస్తుంది. దానికి పట్టే అదనపు శ్రమ బయటికి కనపడదు.

రెండు చెవులు ఎందుకున్నాయి?

సాయంత్రం ఆరింటికి సికింద్రాబాద్‌లో ఏదైనా పాత ఇరానీ హోటల్‌కి వెళ్లి కూర్చోండి. ఎదురుగా మీ స్నేహితుడు. వెనక బల్ల దగ్గర నలుగురు ప్లాట్ల రేట్ల మీద గట్టిగా వాదించుకుంటున్నారు. కౌంటర్ దగ్గర కప్పులు, సాసర్లు గలగలమంటున్నాయి. “దో చాయ్, ఏక్ ఉస్మానియా” అని వెయిటర్ కేక. బయట బస్సు హారన్. ఇంత రొదలోనూ మీ స్నేహితుడు తన చెల్లెలి పెళ్లి సంబంధం గురించి మెల్లగా చెబుతున్న సంగతి మీకు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఇంటికి వెళ్లి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. అంతా గోల. చెల్లెలి సంబంధం ఎక్కడో, ప్లాటు రేటు ఎక్కడో విడదీయడం కష్టం. హోటల్లో విన్న రొదే ఇదీ. కాకపోతే దాన్ని విడదీసే సాధనం ఇప్పుడు మీ దగ్గర లేదు.

ఆ సాధనం రెండు చెవుల మధ్య ఉండే తేడా. కుడి పక్క నుంచి వచ్చే శబ్దం ముందు కుడి చెవిని తాకుతుంది, కాస్త ఆలస్యంగా ఎడమ చెవిని చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. పైగా తల అడ్డు రావడం వల్ల సన్నని, అంటే హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దాలు అవతలి చెవికి చేరేసరికి బలం తగ్గుతాయి. బొంగురు, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకు కాలంలో తేడా, సన్నని శబ్దాలకు బలంలో తేడా దిక్కు చెబుతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ఇంత చిన్న తేడాలతో మెదడు శబ్దాలను దిక్కుల వారీగా వేరుచేసి, కావలసిన గొంతును పట్టుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది.

రొదలో ఒక్క గొంతును ఎలా పట్టుకుంటామన్న ప్రశ్న 1953లో కోలిన్ చెర్రీ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాలతో ప్రసిద్ధమైంది. ఇద్దరు మాట్లాడేది కలిపేసి రెండు చెవులకూ వినిపిస్తే శ్రోతలు ఎంతో తంటాలు పడ్డారు. ఒక్కో చెవికి ఒక్కో గొంతు వినిపిస్తే సులువుగా విడదీశారు. అయితే పట్టించుకోని చెవిలో ఏం జరిగిందో వాళ్లకు దాదాపు తెలియలేదు. ఆ చెవిలో ఇంగ్లీషు కాస్తా మధ్యలో జర్మన్‌కు మారినా గమనించలేదు. గొంతులు ఒకే దిక్కు నుంచి కాకుండా వేర్వేరు దిక్కుల నుంచి వస్తే, కొన్ని పరిస్థితుల్లో 10 డెసిబెల్స్ (శబ్ద బలానికి కొలత) దాకా లాభం ఉంటుంది. మాట తెలిసీ తెలియని అంచు దగ్గర ఒక్క డెసిబెల్ తేడాకే అర్థమయ్యే వాక్యాలు సుమారు 10 నుంచి 20 శాతం పెరగవచ్చు, తగ్గవచ్చు. కాబట్టి 10 డెసిబెల్స్ అంటే మామూలు లాభం కాదు.

మామూలు వీడియో మీటింగుల్లో ఎక్కువ భాగం అందరి గొంతులనూ ఒకే చానల్లో కలిపి పంపుతాయి. తెరమీద పదహారు గళ్లలో పదహారు ముఖాలు కనపడినా గొంతులన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. దీనికి తోడు ఇంకొకటి ఉంది: చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ అవగానే పరికరం కాల్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, స్టీరియో పోయి శబ్దం నాణ్యత కూడా పడిపోతుంది. పాట వింటున్నప్పుడు బ్రహ్మాండంగా ఉన్న ఇయర్‌బడ్స్ మీటింగ్ మొదలవగానే డబ్బాలోంచి మాట్లాడినట్టు వినిపించడానికి కారణం ఇదే.

వీఆర్ ఈ విషయంలో చాలా మెరుగు. గొంతుకు దిక్కు ఇస్తుంది, మీరు తల తిప్పితే దిక్కూ మారుతుంది. కానీ ఇక్కడ చెవి దొప్ప అడ్డొస్తుంది. దొప్పలోని మడతలు శబ్దాన్ని ఒక్కో కోణంలో ఒక్కో రకంగా మారుస్తాయి. ముందా వెనకా, పైనా కిందా అన్నది మెదడు వాటితోనే తేల్చుకుంటుంది. ఎవరి దొప్ప వాళ్లదే, వేలిముద్రల్లా వేరు. వీఆర్‌లో మాత్రం చాలాసార్లు అందరికీ ఒకటే సగటు కొలత వాడతారు. ఇలాంటి కొలతలకు బాగా ప్రసిద్ధమైన బొమ్మ తల కెమార్. 1972లో అమెరికాలో తయారైంది, అక్కడి పెద్దవాళ్ల సగటు కొలతలతో. మన చెవులకు అది సరిపోకపోతే ఎదురుగా ఉన్న మనిషి గొంతు వెనక నుంచో, నెత్తి లోపలి నుంచో వచ్చినట్టు ఉంటుంది. ఊరట ఏమిటంటే, మెదడు కొత్త దొప్పను నేర్చుకోగలదు. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవుల్లో అచ్చులు పెట్టి దొప్ప ఆకారం మార్చేశారు. మొదట్లో పైనా కిందా తేడా తెలియనివాళ్లు కొన్ని వారాల్లో మళ్లీ నేర్చుకున్నారు. అచ్చులు తీసేశాక పాత నేర్పు కూడా చెక్కుచెదరలేదు. కానీ ట్రైనింగ్ కోసం అరగంట హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లాడికి ఆ వారాలు ఎక్కడివి?

గది సంగతి క్లుప్తంగా చెబుతాను. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది. చప్పట్లు ఒక సంకేతం. వినపడిందా లేదా అన్నదే ముఖ్యం. వాక్యం అలా కాదు. ఒక అక్షరం ప్రతిధ్వని తర్వాతి అక్షరం మీద పడితే రెండూ చెడతాయి. వర్చువల్ గదికి చూడ్డానికి గంభీరంగా ఉంటుందని పెద్ద హాలు ప్రతిధ్వని పెట్టేస్తే అందం వస్తుంది, అర్థం పోతుంది. ప్రతిధ్వని అసలే లేకపోతే గొంతు తల లోపల మోగుతుంది. చిన్న గదికి ఉండేంత, కొద్దిగా ఉంటే చాలు.

ముఖం రెండో సాక్షి

రొదలో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే అవతలివాళ్ల నోటివైపు చూస్తాం. 1954లో సంబీ, పోలాక్ అనే ఇద్దరు పరిశోధకులు రొద పెరిగేకొద్దీ ముఖం చూడటం వల్ల కలిగే మేలు కూడా పెరుగుతుందని చూపించారు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ ఇంకో అడుగు వేశారు. “బ” అనే శబ్దానికి “గ” అంటున్న నోటి వీడియో జతచేస్తే చాలామందికి “ద” అని వినిపించింది. కళ్లు మూసుకుంటే మళ్లీ “బ”. అంటే కన్ను చూసింది వినికిడి మీద పైపూత కాదు, వినికిడిలోనే కలిసిపోతుంది.

చేతులకూ ఇందులో పాత్ర ఉంది. మాట్లాడుతూ చేతిని కిందికి ఊపే క్షణం ఏ అక్షరం మీద పడిందో, ఆ అక్షరం మీద ఒత్తు ఉన్నట్టు వినపడుతుందని 2021లో బోస్కర్, పీటర్స్ డచ్ భాషలో నిరూపించారు. మెడ వరకే కనిపించే వీడియోలో ఇది పోతుంది. చేతులు ట్రాక్ అయ్యే వీఆర్‌లో ఉంటుంది. అందుకే వీఆర్‌ను కొట్టిపారేయడం నాకిష్టం లేదు. వీడియో కాల్ ఇవ్వలేనివి కొన్ని అది ఇవ్వగలదు.

పెదాల దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. దీని గురించి తగినంత చర్చ జరగడం లేదని నా బాధ. చాలా అవతార్‌ల (వీఆర్‌లో మన బదులు కనిపించే బొమ్మ మనుషుల) పెదాలు కదిలేది కెమెరా చూసి కాదు, శబ్దాన్ని బట్టి. సాఫ్ట్‌వేర్ మైక్ నుంచి వచ్చిన మాట విని, ఇది ఏ అక్షరమై ఉంటుందో అంచనా వేసి, దానికి తగ్గ నోటి ఆకారాన్ని అతికిస్తుంది. ఆక్యులస్ అనే వీఆర్ హెడ్‌సెట్ల కోసం తయారైన లిప్‌సింక్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ఆకారాలు మొత్తం 15. ప, బ, మ మూడూ ఒకే ఆకారం. అది తప్పేం కాదు, నిజం ముఖంలో కూడా ఆ మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి. తప్పు ఎక్కడుందంటే, ఈ సాక్షి చెప్పేది తన సొంత సాక్ష్యం కాదు. నిజం ముఖంలో శబ్దం రొదలో మునిగిపోయినా పెదాలు మునగవు, అందుకే అవి ఆదుకుంటాయి. శబ్దం నుంచే పుట్టిన పెదాలైతే శబ్దం చెడినప్పుడు అవీ చెడతాయి. “ప”ను “త” అని పొరబడితే పెదాలూ “త” అనే చెబుతాయి, మన మెదడు రెండు సాక్ష్యాలు కుదిరాయని నమ్మేస్తుంది. 2022లో వచ్చిన క్వెస్ట్ ప్రో లాంటి హెడ్‌సెట్లలో ముఖాన్ని చూసే కెమెరాలు పెట్టారు. అవి నిజమైన పెదాలను చేరవేస్తాయి కాబట్టి ఈ బాధ తగ్గుతుంది. కానీ ధర ఎక్కువ. కాలేజీ ల్యాబుల్లో సాధారణంగా కొనేవి అవి కావు.

పెదాలకూ శబ్దానికీ కాలం కూడా కుదరాలి. శబ్దం కాస్త ఆలస్యమైతే మనం సర్దుకుపోతాం, ముందొస్తే సర్దుకోలేం. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంఘం 1998లో ఇచ్చిన లెక్కలో శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే తేడా తెలుస్తుంది, వెనక వస్తే 125 దాకా తెలియదు. ప్రకృతిలో ఎప్పుడూ వెలుగే ముందు చేరుతుంది కదా, మెదడు దానికి అలవాటు పడింది.

ఊ కొట్టేవాళ్లు ఏరీ?

మన కథలన్నీ ఊ కొట్టేవాళ్లు ఉంటేనే ముందుకు సాగేవి. ఆ “ఊ” వినపడితేనే చెప్పేవాళ్లకు తమ మాట చేరిందని తెలుస్తుంది. మీటింగ్ సాఫ్ట్‌వేర్‌కు అది రొద. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవాళ్ల చిన్న చప్పుడును అణిచేస్తుంది, లేదా మర్యాద కోసం అందరూ మ్యూట్‌లో ఉంటారు. చెప్పేవాళ్లు శూన్యంలోకి మాట్లాడుతూ అనుమానంతో చెప్పిందే మళ్లీ చెబుతారు.

దూరం దీన్ని ఇంకా పెంచుతుంది. ప్రపంచంలోని పది భాషలను పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరి మాట ముగిశాక ఇంకొకరు అందుకునే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు సరళరేఖలో సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు. అసలు కేబుళ్లు వంకరటింకరగా వెళ్తాయి కనుక ఇంకా ఎక్కువ. దాని మీద సాఫ్ట్‌వేర్ ఆలస్యం, ఇయర్‌బడ్స్ ఆలస్యం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని టెలికాం ప్రమాణం చెబుతుంది. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం, “నువ్వు చెప్పు”, “లేదు, నువ్వే చెప్పు”. 2014లో జర్మనీ పరిశోధకులు గమనించింది ఇంకా బాధాకరం: లైన్‌లోని ఆలస్యాన్ని జనం లైన్ తప్పుగా చూడరు, అవతలి మనిషి శ్రద్ధ లేకుండా ఉన్నాడని అనుకుంటారు. అమెరికాలో ఉన్న కొడుకు “ఆ... అవునమ్మా” అని అరసెకను ఆలస్యంగా అంటే ఇక్కడ తల్లి మనసు చివుక్కుమంటుంది. ఆ అరసెకనులో కొంత సముద్రం కింది కేబుల్‌ది.

తెలుగు వాక్యం చివర్లో ఏముంది

మనం మాట పూర్తయ్యేదాకా ఆగి అర్థం చేసుకోం, ముందే ఊహిస్తూ వెళ్తాం. “బాబు తింటాడు” అనే అర్థంతో ఇంగ్లీషు వాక్యం మొదలవగానే, తినే వస్తువు పేరు రాకముందే చూపు కేకు మీదికి వెళ్తుందని 1999లో ఆల్ట్‌మన్, కమిడే చూపించారు. వీఆర్ దృశ్యాల్లోనూ కళ్లు ఇలాగే ముందుకు పరుగెడతాయని 2018లో తేలింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఒక వర్చువల్ రెస్టరెంట్ కట్టారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు బల్లల మధ్య తిరుగుతుంటే, అక్కడ కూర్చున్న అవతార్‌లు తాము ఆర్డర్ చేసిన వంటకం పేరు చెబుతాయి. బల్ల మీద ఉన్నదీ చెప్పిందీ వేరైతే, తలకు తగిలించిన ఎలక్ట్రోడ్లలో ఎన్400 అనే సంకేతం పెరిగింది. మాట అర్థం కుదరనప్పుడు 400 మిల్లీసెకన్ల దగ్గర మెదడు ఇచ్చే ఈ సంకేతాన్ని 1980లో కనిపెట్టారు. బొమ్మ మనిషి, బొమ్మ బల్ల అని తెలిసినా మెదడు మాటనూ చూపునూ నిజం గదిలో లాగే జతచేసిందన్నమాట. కనుక వర్చువల్ గదిలో కనిపించే ప్రతి వస్తువూ అర్థానికి తోడ్పడుతుంది, లేదా అడ్డుపడుతుంది. ల్యాబ్ పాఠంలో టీచర్ “బ్యూరెట్ తీసుకోండి” అంటున్నప్పుడు ఎదురుగా ఎగిరే లోగో ఎందుకు ఉండకూడదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పైన చెప్పిన కేకు వాక్యంలో క్రియ ముందే వస్తుంది. క్రియ చివర వచ్చే జపనీస్‌లో, నామపదాలకు తగిలే విభక్తులను పట్టుకుని శ్రోతలు తర్వాతి వస్తువును ఊహిస్తారని 2003లో చూపించారు. తెలుగుదీ అదే అమరిక. మన వాక్యంలో అసలు తీర్పు తోకలో ఉంటుంది. “రాజు రేపు వస్తాడు, వస్తాడా, వస్తాడట, వస్తాడేమో”: ఖాయమా, ప్రశ్నా, వినికిడి కబురా, అనుమానమా అన్నది ఒకటి రెండు అక్షరాల్లో తేలుతుంది. “రానన్నాడు”, “రానున్నాడు” మధ్య తేడా ఒకే ఒక్క అచ్చు, అర్థాలు మాత్రం పూర్తిగా ఎదురెదురు. వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి తగ్గి గొంతు దిగుతుంది. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు మాట ముగిసిందో, రొద మొదలైందో తేల్చడం కష్టమయ్యేదీ ఇక్కడే. అది తొందరపడి కోసేస్తే మనకు పోయేది వాక్యంలో అతి ముఖ్యమైన ముక్క. “గుడి”, “గుడ్డి” తేడా కూడా చూడండి: “డ”కు ముందు నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. నెట్ తడబడి మధ్యలో శబ్దం కాస్త సాగినా, తెగినా ఇలాంటి కొలతలు దెబ్బతినే అవకాశం ఉంది.

ఇలా రాలిపోయిన ముక్కలను మెదడు పూడ్చుకుంటుంది. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యంలో ఒక ధ్వనిని తీసేసి దాని స్థానంలో దగ్గు పెడితే, ధ్వని పోయిందని శ్రోతలు గుర్తుపట్టలేకపోయారు. కానీ ఈ పూడ్చుడు ఉచితం కాదు. 1968లో పాట్ రాబిట్ చేసిన ప్రయోగం నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి ఆయువుపట్టు. రొదలో వినిపించిన అంకెలను జనం సరిగ్గానే తిరిగి చెప్పగలిగారు. అయినా తర్వాత గుర్తు తెచ్చుకోమంటే తక్కువ గుర్తున్నాయి. అంతేకాదు, జాబితా రెండో సగం రొదలో వినిపిస్తే, స్పష్టంగా విన్న మొదటి సగం కూడా సరిగ్గా గుర్తులేదు. వినడానికి ఖర్చయిన శక్తి దాచుకోవడానికి మిగల్లేదు. “వినపడుతోందా?” అని అడిగి, “ఆ” అనగానే పాఠం మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకోవాలి.

జిల్లాల నుంచి తెలుగు మీడియంలో చదువుకుని హైదరాబాద్ వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు వ్యాఖ్యానంతో వీఆర్ పాఠం పెడితే ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. రెండో భాషలో వినేవాళ్లు రొద వల్ల ఎక్కువ నష్టపోతారు, ఎందుకంటే పోయిన ముక్కను పూడ్చుకోవడానికి కావలసిన భాషానుభవం వాళ్ల దగ్గర తక్కువ. వాళ్లను వెనకబడ్డవాళ్ల కింద లెక్కగట్టే ముందు తెలుగు ఆడియో, కింద అక్షరాలు ఇచ్చి చూడాలి. అరవై దాటినవాళ్ల సంగతీ అంతే. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు హెడ్‌సెట్ ఇయర్‌ఫోన్ దాని మీద సరిగ్గా కూర్చోదు. యంత్రం రెండు చెవుల్లో వేర్వేరుగా శబ్దాన్ని పెంచి తగ్గించడంతో దిక్కు చెప్పే తేడాలూ కలగాపులగం అవుతాయి.

ఇంట్లో, ఆఫీసులో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ముఖ్యమైన మాటలకు వైరున్న ఇయర్‌ఫోన్లు, రెండు చెవులకూ. ముఖం మీద వెలుగు పడేలా కూర్చోవడం. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రొద తగ్గించే సెట్టింగ్‌ను తక్కువలో పెట్టడం. వాక్యం చివర గొంతు దించకుండా ఉండటం. ఇది టీచర్లు కాస్త సాధన చేస్తే వచ్చేస్తుంది. వీఆర్ తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒకటే: నిజం గదిని అచ్చుగుద్దాలని చూడకండి. నిజం క్లాసులో వెనక బెంచీకి టీచర్ గొంతు నీరసంగా చేరుతుంది. వర్చువల్ క్లాసులో అలా చేరాల్సిన అగత్యం లేదు. దిక్కు ఉంచండి, దూరంతో బలం తగ్గడాన్ని తీసేయండి.

దీన్నంతా తెలుగులో కొలవడం కూడా మన చేతిలోనే ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో మాట సంకేతాల మీద ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. రొదలోనూ మాటలో బలంగా నిలిచే క్షణాలు స్వరతంత్రులు మూసుకునే క్షణాలని, వాటిని పట్టుకునే పద్ధతిని ప్రొఫెసర్ బి. యజ్ఞనారాయణ తన సహపరిశోధకుడితో కలిసి 2008లో ప్రచురించారు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వినికిడి పరీక్షలు చేస్తుంది. పరీక్ష పద్ధతి కూడా కొత్తది కాదు: రొద మధ్యలో వాక్యాలు వినిపిస్తూ, సరిగ్గా సగం వాక్యాలు అర్థమయ్యే స్థాయిని కనుక్కోవాలి. హెడ్‌సెట్‌తో ఒకసారి, ఎదురుగా మనిషితో ఒకసారి. ఆ వాక్యాల్లో “రానన్నాడు”, “రానున్నాడు” లాంటి జంటలు దండిగా ఉండాలి. వరంగల్, శ్రీకాకుళం, కర్నూలు గొంతులతో రికార్డు చేయాలి. వినేవాళ్లలో పెద్దవాళ్లూ, వినికిడి యంత్రం వాడేవాళ్లూ ఉండాలి. విన్న వెంటనే ఒకసారి, పావుగంట తర్వాత మళ్లీ ఒకసారి ఏం గుర్తుందో అడగాలి.